ర్యాంకుల పంక్తిలో కూర్చోనన్న కాలేజి

పెళ్లిసంబంధం మాట వచ్చినప్పుడు మన పెద్దలు ముందుగా గోత్రం అడిగేవారు. ఇప్పుడు పిల్లల చదువు మాట వస్తే ముందుగా అడిగేది కాలేజి ర్యాంకు. ఆ కాలేజిలో పాఠం ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు, పిల్లవాడు నోరు విప్పి ఒక ప్రశ్న వేస్తే వినే నాథుడు వున్నాడా లేడా అన్న విచారణ ఎవరికీ పట్టదు. "ఎన్నో ర్యాంకండీ?" అంటారు. అంకె చిన్నదైతే వినేవారి ముఖం వికసిస్తుంది. పెద్దదైతే చేతిలోని కాఫీ చల్లారిపోతుంది.

ఇరవై ఏళ్లుగా ఒక డిగ్రీ కాలేజిలో తెలుగు పాఠం చెప్పుకు బతుకుతున్నవాణ్ణి గనక ఈ ప్రశ్న తాకిడి నాకు కొత్త కాదు. "మీ కాలేజి ఎన్నోది?" అని అడిగినవారే గాని, "మీరు ఈ ఏడు ఏ కావ్యం చెబుతున్నారు?" అని అడిగినవారు నాకు యింతవరకు తటస్థపడలేదు.

కిందటి వేసవిలో మా లెక్కల లెక్చరరుగారి అమ్మాయికి అమెరికాలో ఒక చిన్న కాలేజిలో సీటు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించవలసిన సమయంలో ఆ యింట్లో అందరూ మౌనవ్రతం పట్టినట్టయింది. కారణం, ఆ కాలేజి పేరు వీధిలో ఎవరూ విని వుండకపోవడమే. యూనివర్సిటీ కాదు, వట్టి కాలేజి. పైగా లిబరల్ ఆర్ట్స్ కాలేజి! పొరుగింటాయన వచ్చి, "బొమ్మలు గీయడం నేర్చుకోవడానికి అంత దూరం ఎందుకండీ?" అని పరామర్శించి పోయాడట. లెక్చరరుగారు నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఈ చిన్న కాలేజీల సంగతేమిటో మీరు కాస్త చదివి చెప్పాలి. సమీకరణమైతే నేనే తేల్చుకుందును. ఇది నా చేత కావటం లేదు" అన్నారు.

ఆయన కోసం మొదలుపెట్టిన చదువు నాకే వ్యసనమై కూర్చున్నది. అలా చదువుతూండగా తగిలింది రీడ్ కాలేజి. ఆ అమ్మాయికి సీటు వచ్చింది ఇందులో కాదు. కాని కాలేజికి వున్న గుణం వేరు, దానికి వచ్చిన పేరు వేరు అన్న సంగతి తేల్చి చూసుకోవాలంటే యింతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. అందుకే దాని కథ మీ ముందు పెడుతున్నాను.

బొమ్మలు కాదు సుమండీ!

ముందు ఆ పొరుగింటాయన సందేహం తీర్చాలి. లిబరల్ ఆర్ట్స్ అంటే చిత్రలేఖనం కాదు. పూర్వం ఐరోపాలో స్వతంత్రంగా బతికే మనిషికి తగిన విద్యలని ఏడింటిని లెక్క పెట్టారు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అని మూడు. అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం అని నాలుగు. వ్యాకరణం, తర్కం, అలంకారం, జ్యోతిషం అంటూ మన పాఠశాలల్లో చెప్పుకున్న శాస్త్రాలకు ఇవి దగ్గరి చుట్టాలే. కాలం మారి ఆ ఏడు విద్యలూ సాహిత్యం, చరిత్ర, తత్త్వం, గణితం, భౌతిక రసాయనిక శాస్త్రాలు, అర్థశాస్త్రం అన్నీ అయినాయి. ఒక్క వృత్తికి మనిషిని తయారుచేయడం కాకుండా, ఆలోచించడం, రాయడం, వాదించడం నేర్పి పంపడం ఈ చదువు ఉద్దేశం.

అమెరికాలో ఇటువంటి చదువు చెప్పే చిన్న కాలేజీలు చాలా వున్నాయి. వెయ్యి, రెండువేల మంది విద్యార్థులు. దాదాపు అందరూ బి.ఎ. చదివేవారే. పెద్ద యూనివర్సిటీలో మొదటి సంవత్సరం కుర్రవాడు వందలమంది మధ్య కూర్చుని ప్రొఫెసరుగారిని దూరం నుంచి దర్శనం చేసుకోవలసి రావచ్చు. అతని సందేహాలు తీర్చేది పరిశోధన చేసుకుంటున్న మరో విద్యార్థి కావచ్చు. చిన్న కాలేజిలో ఆ మధ్యవర్తి లేడు. ప్రొఫెసరుగారే పాఠం చెప్పాలి, ప్రొఫెసరుగారే వ్యాసం దిద్దాలి.

చిన్న కాలేజి అంటే మనకు తెలియనిదేమీ కాదు. మదనపల్లెలో అనిబిసెంటు పెట్టించిన థియొసాఫికల్ కాలేజి ఎంత పెద్దదని? 1919లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడ అతిథిగా వుండి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది ఆ చిన్న కాలేజిలోనే. ఏ ర్యాంకు చూసుకుని ఆయన అక్కడికి వెళ్లారు?

ఒక వీలునామా

అమెరికా పడమటి తీరాన ఆరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ అని ఒక నగరం వుంది. అక్కడ సిమియన్ రీడ్ అనే వ్యాపారి నదుల మీద పొగపడవలు నడిపి లక్షలు గడించాడు. పిల్లలు లేరు. ఆయన పోయిన తరువాత భార్య అమాండా తమ ఆస్తిలో ఎక్కువ భాగం పోర్ట్‌లాండు ప్రజల విద్యకోసం వినియోగించాలని వీలునామా రాసి 1904లో కన్నుమూసింది. ఆ దంపతుల స్నేహితుడు, టామస్ లాంబ్ ఎలియట్ అనే మతాచార్యుడు, దీనికి ప్రేరకుడు. 1908లో కాలేజి ఏర్పడింది. 1911లో పాఠాలు మొదలైనాయి.

మొదటి ప్రెసిడెంటు విలియం ట్రూఫంట్ ఫాస్టర్ పట్టుదలగల మనిషి. అమెరికాలో కాలేజి అంటే ఫుట్‌బాలు జట్టు, ఆ జట్టు వెనక కేకలు వేసే జనం, ధనికుల పిల్లలు కట్టుకునే రహస్య సంఘాలు అన్న రోజులవి. ఫాస్టర్ ఆ సంఘాలనూ, ఇతర కాలేజీలతో పందాలనూ గడప తొక్కనివ్వలేదు. "చదువుకోదలచినవారు రండి" అన్న పద్ధతి మొదటినుంచీ అక్కడ పాతుకుపోయింది.

ఇప్పుడు అక్కడ రమారమి 1,400 మంది చదువుతున్నారు. పది మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు చొప్పున లెక్క. మా కాలేజిలో నేను ఒక్కొక్క తరగతిలో అరవై ముఖాలను చూస్తూ వుంటాను. ఆ లెక్క చదివినప్పుడు అసూయ కలగలేదని బొంకడం దేనికి?

మార్కులు చెప్పని చోటు

రీడ్‌లో మార్కులు వేస్తారు, చెప్పరు. విద్యార్థి పని మరీ కిందికి జారితే తప్ప, తానై అడిగితే తప్ప, ఏ పాఠంలో ఏ గ్రేడు వచ్చిందో అతనికి తెలియనివ్వరు. ఆ లెక్క ఆఫీసు పుస్తకాల్లో వుంటుంది. వ్యాసం మాత్రం అంచుల నిండా ఉపాధ్యాయుడి వ్యాఖ్యలతో తిరిగి వస్తుంది. "ఇక్కడ నీ వాదం కుంటింది", "ఈ మాటకు ఆధారమేమిటి?" అంటూ. మార్కు కనిపించదు గనక ఆ వ్యాఖ్యలు చదవక తప్పదు.

దీని విలువ ఉపాధ్యాయుడికే తెలుస్తుంది. నేను జవాబు పత్రాలు తిరిగి ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. విద్యార్థి పై మూలన వున్న అంకె చూస్తాడు, పక్కవాడి అంకె చూస్తాడు, మడిచి జేబులో పెట్టుకుంటాడు. రాత్రి రెండు గంటలదాకా కూర్చుని ఎర్రసిరాతో నేను రాసిన నాలుగు మాటలు చాకలి దాకా ఆ జేబులోనే వుండిపోతాయి.

మొదటి సంవత్సరంలో చేరినవారు రసాయనశాస్త్రం చదవదలచినా, సంగీతం చదవదలచినా, అందరూ కలసి ఒకే మానవీయ పాఠం చదివితీరాలి. ఆ పాఠానికి ఉపన్యాసాలు వున్నా, అసలు పని చిన్న చిన్న గోష్ఠులలో జరుగుతుంది. బల్ల చుట్టూ కూర్చుని ఒక గ్రంథం పట్టుకుని వాదించుకోవాలి. చదవకుండా వచ్చినవాడు దాక్కోవడానికి వెనక బెంచీ లేదు.

మూడో ఏడు చివర ఎంచుకున్న విషయంలో అర్హత పరీక్ష. అది దాటితేనే నాలుగో ఏడు. ఆ నాలుగో ఏడంతా ప్రతి విద్యార్థీ ఒక పరిశోధన వ్యాసం రాయాలి. ఇందులో మినహాయింపు లేదు. రాసిన తరువాత నలుగురు పెద్దల ముందు కూర్చుని ఆ వ్యాసాన్ని నోటిమాటతో నిలబెట్టుకోవాలి. మన దేశంలో పిహెచ్.డి. వాళ్లు పడే అవస్థ అక్కడ బి.ఎ. పిల్లలు పడతారన్నమాట. వ్యాసాలన్నిటినీ గ్రంథాలయంలో ఒక గోపురంలో భద్రపరుస్తారు. అప్పగించే రోజున పిల్లలు ఊరేగింపుగా వెళ్లి అప్పగిస్తారు.

ఆ గోపురంలోని ఒక వ్యాసం సంగతి తెలుగు చదివినవాడిగా నన్ను కట్టిపడేసింది. గేరీ స్నైడర్ అనే విద్యార్థి 1951లో అక్కడ పట్టా పుచ్చుకున్నాడు. హైడా జాతి ఆదివాసుల కథ ఒక్కటే, ఒకే ఒక్కటి, తీసుకుని దాన్ని నాలుగు పక్కలనుంచీ పరిశీలించి వ్యాసం రాశాడు. తరువాత అతను కవి అయినాడు. 1975లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. కుర్రతనంలో రాసిన ఆ వ్యాసం 1979లో పుస్తకంగా వెలువడింది. మన డిగ్రీ విద్యార్థికి ఒక్క జానపద కథ చేతికిచ్చి, "దీనితో ఒక ఏడు కాపురం చెయ్యి, నీకు కనిపించింది రాయి" అని మనం ఎన్నడైనా అన్నామా?

సాహిత్యమే కాదు. ఆ చిన్న కాలేజిలో 1968నుంచీ పరిశోధనకోసం ఒక అణు రియాక్టరు వుంది. దాన్ని నడిపేవారిలో ఎక్కువమంది బి.ఎ. విద్యార్థులే, ప్రభుత్వ పరీక్ష ప్యాసై లైసెన్సు పుచ్చుకున్నవారు. చరిత్ర చదివే అమ్మాయి కూడా శిక్షణ పొంది ఆ రియాక్టరు దగ్గర కూర్చోవచ్చు.

ఫలితం మాటేమిటంటారా? 1952లో నాప్, గుడ్రిచ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా శాస్త్రజ్ఞులు ఏయే కాలేజీలనుంచి వచ్చారో లెక్క తీశారు. విద్యార్థుల సంఖ్యతో పోల్చి చూస్తే మొదటి స్థానం రీడ్‌కే వచ్చింది. పట్టభద్రులలో ఎంతమంది తరువాత పిహెచ్.డి. వరకు వెళ్లారన్న నిష్పత్తిలో ఆ కాలేజి నేటికీ దేశం మొత్తం మీద ముందు వరుసలోనే వుంటోంది.

పంక్తినుంచి లేచిన వైనం

ఇంత గుణమున్న కాలేజికి ర్యాంకు ఎంత వుండాలి? ఇక్కడే కథ రసవత్తరమవుతుంది.

అమెరికాలో యూ.ఎస్. న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ అనే పత్రిక 1983లో కాలేజీలకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో ఆ పద్ధతి చాలా సులువు. కాలేజి ప్రెసిడెంట్లకు ఉత్తరాలు రాసి, "మీ దృష్టిలో మంచి కాలేజీలేవి?" అని అడిగారు. అంటే ఒక హోటలు యజమానిని పిలిచి, ఆయన ఎన్నడూ తినని హోటళ్లలో ఇడ్లీ ఎలా వుంటుందని అడగడం వంటిది. వినికిడి వున్న పేరు రాస్తాడు. అది అచ్చవుతుంది. అచ్చైనది చదివి వచ్చే ఏడు అదే రాస్తాడు. తరువాత్తరువాత డబ్బు, అధ్యాపకులు, ఉత్తీర్ణుల శాతం వంటి లెక్కలు చేర్చారు. అయినా ఇతర కాలేజీల పెద్దల అభిప్రాయానికి నూటికి ఇరవై పాళ్లు నేటికీ మిగిలే వుంది.

ఆ లెక్కలైనా ఎవరిస్తారు? కాలేజీలే ఇచ్చుకోవాలి. 1995లో ఒక పెద్ద దినపత్రిక, కొన్ని కాలేజీలు ర్యాంకు కోసం లెక్కలు దిద్ది పంపుతున్నాయని బయటపెట్టింది. రీడ్ ప్రెసిడెంటు స్టీవెన్ కోబ్లిక్ ఇక ఈ పంక్తిలో మేము కూర్చోబోమని పత్రికకు తెలియజేశాడు. పత్రిక ఏం చేసింది? సరే మీ ఇష్టం అని పేరు తీసివేయలేదు. ఇవ్వని లెక్కలన్నిటికీ అతి తక్కువ విలువలు వేసి, ఆ ఏడు రీడ్‌ను అట్టడుగు తరగతిలో పడవేసింది. పాఠాలు మారలేదు, ఉపాధ్యాయులు మారలేదు, గోపురంలో వ్యాసాలు కదలలేదు. ర్యాంకు మాత్రం పాతాళానికి పోయింది.

కాలేజి మూతపడుతుందనుకున్నవాళ్లు లేకపోలేదు. 2002నుంచి పదేళ్లు ప్రెసిడెంటుగా వున్న కోలిన్ డైవర్ 2005లో ఒక వ్యాసం రాస్తూ, ర్యాంకులు వదిలిన పదేళ్లలో దరఖాస్తులు తగ్గకపోగా పెరిగాయని చెప్పాడు. 2022లో ర్యాంకుల మీద ఒక పుస్తకమే రాశాడు.

2019లో మరో తమాషా జరిగింది. రీడ్‌లోని గణాంకశాస్త్ర విద్యార్థులు పత్రికవారి సూత్రాన్ని విప్పి చూశారు. పత్రిక రీడ్‌కు ఇచ్చిన స్థానం 90. అందరికీ వేసిన సూత్రమే రీడ్‌కూ వేసి వుంటే రావలసిన స్థానం 38! తమ కాలేజిని కింద పెట్టినవారికి ఆ పిల్లలు తిట్లతో కాక లెక్కతో జవాబు చెప్పారు. ఆ కాలేజి చదువు ఎలాంటిదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

పెద్దవారి సంగతీ చూడండి. 2022 ఆరంభంలో కొలంబియా యూనివర్సిటీలోని గణిత ప్రొఫెసరు మైకేల్ థాడియస్, తమ యూనివర్సిటీ పంపిన లెక్కలే సరిగా లేవని సాక్ష్యాలతో సహా బయటపెట్టాడు. అప్పటికి రెండో స్థానంలో వున్న కొలంబియా ఆ సెప్టెంబరులో పద్దెనిమిదో స్థానానికి జారింది. ఆరునెలల్లో అక్కడ చదువు పదహారు మెట్లు దిగజారిందా? లేదు. దిగినది కాగితం మీది అంకె. ఎక్కినప్పుడూ అంతే!

నాణేనికి రెండో పక్క

ఇంతవరకు చదివి, "అయితే యిది స్వర్గమన్నమాట" అనుకునే పాఠకులు ఇక్కడ ఒకసారి ఆగాలి. ర్యాంకును తిట్టడం తేలిక. ర్యాంకులేని ప్రతిదీ బంగారమనుకోవడం అంతకన్నా తేలిక.

రీడ్‌కు స్వేచ్ఛాలోచనకు పుట్టినిల్లని పేరు. కాని 1954లో అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుతున్నప్పుడు స్టాన్లీ మూర్ అనే తత్త్వశాస్త్ర ప్రొఫెసరు తన రాజకీయ విశ్వాసాల మీద వేసిన ప్రశ్నలకు జవాబు చెప్పనన్నాడు. ఆయన ఉద్యోగం ఖాయమైనది. సాటి అధ్యాపకులు ఆయన పక్షాన నిలిచారు. అయినా ధర్మకర్తలు ఆయనను తొలగించారు. 1981లో అదే ధర్మకర్తల మండలి జరిగినదానికి విచారం వెలిబుచ్చింది. ఇరవై ఏడేళ్ల తరువాతి విచారం పోయిన ఉద్యోగాన్ని తెచ్చి పెట్టదు. పేరు గొప్పదైనా, పరీక్ష వచ్చిన రోజున ఆ పేరు ఎవరినీ కాపాడలేదు.

2009లో ఆర్థికమాంద్యం దెబ్బకు కాలేజి నిధి తరిగింది. సీట్లు ఇవ్వదలచిన జాబితానుంచి సహాయం అవసరమైన వందమందికి పైగా విద్యార్థుల పేర్లు తీసివేసి, పూర్తి ఫీజు కట్టగలవారి పేర్లు చేర్చారు. ఆ సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. దాచకుండా ఒప్పుకున్నందుకు మెచ్చుకోవచ్చు. కాని ఆ వందమంది ఇళ్లలో మెచ్చుకునేదేముంటుంది?

2008లోనూ, 2010లోనూ హెరాయిన్ మత్తుకు ఇద్దరు విద్యార్థులు బలైనారు. ప్రభుత్వ న్యాయవాదులు ప్రెసిడెంటును పిలిచి హెచ్చరించే దాకా వచ్చింది. పిల్లలను పెద్దమనుషులుగా చూడడం మంచిదే. ఆ చూపు ఎక్కడ వుపేక్ష అవుతుందో కనిపెట్టడం అందులో సగం పని.

ఒకప్పుడు అక్కడ చేరినవారిలో చాలామంది పట్టా దాకా రాలేదు. ఈమధ్య పరిస్థితి బాగా మెరుగుపడిందిగాని, చదువు బరువు తక్కువేమీ కాదు. మొదటి సంవత్సరపు మానవీయ పాఠం మీద 2016నుంచి పెద్ద గొడవ జరిగింది. గ్రీకు, రోము తప్ప లోకంలో మనుషులే లేరా అని నల్లజాతి విద్యార్థులు, వారి మిత్రులు తరగతిలోనే నిరసనకు కూర్చున్నారు. 2018లో పాఠ్యక్రమం మార్చి మెక్సికో నగరాన్నీ, న్యూయార్క్‌లోని హార్లెమ్‌నూ చేర్చారు. ఏది చదవాలన్నదాని మీద రెండేళ్లు పోట్లాడుకున్న కాలేజి అది. మన దగ్గర సిలబస్ మారితే ఎవరికైనా తెలుస్తుందా?

పారిపోయిన విద్యార్థి తెచ్చిన పేరు

ఇన్ని వున్నా, ప్రపంచంలో ఎక్కువమందికి రీడ్ పేరు తెలిసింది ఒకే ఒక్క కారణంవల్ల. 1972లో స్టీవ్ జాబ్స్ అనే కుర్రవాడు అక్కడ చేరి, ఆరునెలలకే చదువు మానేశాడు. మానేసినా ఊరు విడవకుండా, ఇష్టమైన తరగతుల్లో వెనక కూర్చునేవాడు. వాటిలో ఒకటి చేతిరాత కళ. లాయిడ్ రేనాల్డ్స్ అనే ప్రొఫెసరు పెంచిన ఆ విద్యను అప్పుడు రాబర్ట్ పల్లడీనో అనే పూర్వాశ్రమ సన్యాసి చెబుతున్నాడు. ఆ అక్షరాల సోయగమే తమ మెకింటాష్ యంత్రంలోకి వచ్చిందని జాబ్స్ 2005లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో చెప్పుకున్నాడు.

ఇందులోని వింత గమనించండి. పట్టా పుచ్చుకోనివాడు కాలేజికి పేరు తెచ్చాడు. ఏ ఉద్యోగానికీ పనికిరాదనిపించే పాఠం ఆ పేరుకు కారణమైంది. 1984లో మెకింటాష్ బజారులోకి వచ్చింది. అదే 1984లో రీడ్‌లో ఆ చేతిరాత పాఠం ఆగిపోయింది! ఏ గింజ ఎక్కడ మొలుస్తుందో విత్తినవాడికి కూడా తెలియదు. ఆ ఫలం ఏ ర్యాంకుల పట్టికలో ఏ గడిలో చేరుతుంది?

మనకు పనికివస్తుందా?

ఇక అసలు ప్రశ్న. ఇటువంటి చోటికి మన పిల్లలను పంపవచ్చునా?

డబ్బు మాట ముందు. ఈ రకం కాలేజీలలో చాలావాటిలో ఫీజు, బస, భోజనం కలిపి ఏడాదికి ఎనభై వేల డాలర్లు దాటింది. నాలుగేళ్లకు లెక్క వేస్తే మా వంటి ఉద్యోగులు జన్మలో కళ్ల చూడని మొత్తం. ధనిక కాలేజీలు సహాయం చేస్తాయి, నిజమే. కాని విదేశీ విద్యార్థులకు ఇచ్చే సహాయం చాలాచోట్ల పరిమితం. రెండోది, రీడ్‌లో ఇంజనీరింగు శాఖ లేదు. బి.టెక్., ఎం.ఎస్., ఉద్యోగం అన్న మన రాజమార్గం అక్కడినుంచి తిన్నగా పోదు. పరిశోధనలోకి వెళ్లాలనే పట్టుదలా, రోజూ వందల పేజీలు చదివే ఓపికా వున్న పిల్లకు అది నిధి. ఇరవై రెండో ఏట జీతం ఇంటికి పంపవలసిన పిల్లకు అది భారం. రెండు మాటలూ నిజమే.

మా లెక్చరరుగారికి నేను మూడు ప్రశ్నలు రాసిచ్చి, కాలేజివారికి పంపమన్నాను. మొదటి సంవత్సరంలో మా పిల్ల రాసింది చదివి దిద్దేది ఎవరు? చేరినవారిలో నూటికి ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు, పుచ్చుకోనివారు ఎందుకు పోయారు? మీరిస్తామన్న సహాయం నాలుగేళ్లూ వుంటుందని కాగితం మీద రాసిస్తారా? వారు మర్యాదగానే జవాబిచ్చారు. మొదటి రెండింటికీ జవాబు చదివి ఆయన కళ్లు మెరిశాయి. మూడోది చదివి పెన్సిలు తీసి లెక్క వేశారు. ఎంత తిప్పినా ఆ లెక్క తేలలేదు. అమ్మాయి ఇక్కడే బి.ఎస్‌సి.లో చేరింది. ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. ఇల్లమ్ముకుని కొనవలసిన జ్ఞానం ఏదీ లేదు. కాని ర్యాంకు చూసి కాదని, లెక్క చూసి కాదన్నారు; ఆ తేడా చిన్నది కాదు.

మన దేశంలోనూ ఈ ర్యాంకుల యజ్ఞం 2016లో మొదలైంది. కేంద్రప్రభుత్వంవారి పట్టికలో నూటికి పది పాళ్లు ఇతరుల దృష్టిలో వున్న పేరుకే. లిబరల్ ఆర్ట్స్ పద్ధతి చదువూ మన గడపలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం 2019లో మొదటి విద్యార్థులను చేర్చుకున్నది. అవీ ఖరీదైన చదువులే. మరి జిల్లాల్లో వున్న వందలాది డిగ్రీ కాలేజీల మాటేమిటి? బస్సు దిగి నడిచి వచ్చే మా పిల్లల మాటేమిటి?

రీడ్‌నుంచి రియాక్టరు మనం తెచ్చుకోలేము. పదిమందికి ఒక ఉపాధ్యాయుణ్ణీ తెచ్చుకోలేము. తెచ్చుకోగలిగింది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఈ ఏడు మా మూడో సంవత్సరం తెలుగు విద్యార్థులకు చెప్పాను: "మీ ఊళ్లోని ఒక్క విషయం తీసుకోండి. పది పేజీలు రాయండి. మార్కులు లేవు. నేను చదివి నాకు తోచింది అంచున రాస్తాను. తరువాత మీరు లేచి నలుగురి ముందు దాన్ని నిలబెట్టుకోవాలి." మొదట నవ్వారు. "మార్కులు లేకపోతే ఎందుకు సార్?" అన్నారు. పదిహేను రోజుల తరువాత పదకొండుమంది మాత్రం తెచ్చారు.

ఒక కుర్రవాడు తమ ఊరి పొలాల పేర్లన్నీ పోగుచేశాడు. చింతమాను చెక్క, దొరసాని మడి, దెయ్యాల గుంట—ఒక్కొక్క పేరు వెనక ఒక కథ. ఒక అమ్మాయి తన అమ్మమ్మ పాడే ఊయల పాటలో అర్థంకాని ఒక మాట పట్టుకుని, నాలుగు ఊళ్లు తిరిగి, అది ఒక వూరి పేరని తేల్చుకువచ్చింది. ఆ రోజు తరగతిలో ఆ అమ్మాయిని మిగిలినవారు ముప్పావుగంట సేపు ప్రశ్నలతో నిలవేశారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

మిగిలిన నలభైతొమ్మిది మంది వచ్చే నెలలో తెస్తామన్నారు. ఎర్రసిరా సీసా కొత్తది కొన్నాను.